తెల్లబడిన స్పాంజి

తలుపు తీయగానే జ్యోత్స్న చూపు గాజు తొట్టి మీదికి పోయింది. ముత్యం అడుగున లేదు. పైన తేలుతోంది.

మణుగూరులో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ అద్దె గదిలో ఆమెకు తోడున్నది ముత్యం ఒక్కటే, ఆక్సలాటల్ అనే తెల్లని నీటిజీవి. బల్లిలాంటి ఒళ్లు, తలకు రెండు పక్కలా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు. ఉదయం విచ్చుకుని ఉన్న మొప్పల కొనలు ఇప్పుడు ముందుకు ముడుచుకుపోయాయి. నీళ్లు చెడితే అలా ముడుస్తుంది.

"యాడీ, దీనికేమన్న పెట్టినవా?"

ఆమెను లంబాడీల తీజ్ పండుగకు తండాకు తీసుకుపోదామని వచ్చిన తల్లి చాంది వంటగదిలోంచి తొంగిచూసింది. "నేనేం పెడత? నీ బల్లి వానపాములు తప్ప తినదాయె. నేను ముట్టలే దాన్ని."

జ్యోత్స్న పరీక్ష గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. నీళ్లు బాగుంటే పసుపు రంగు రావాలి. ముదురాకుపచ్చ వచ్చింది. అమోనియా. ముత్యం విసర్జించే దాంట్లోంచి పుట్టే విషం. ఫిల్టర్‌లో బతికే సూక్ష్మజీవులు దాన్ని ఎప్పటికప్పుడు తినేయాలి. మోటారు తిరుగుతూనే ఉంది. మరేమైంది?

ఫిల్టర్ మూత తీసింది. రెండు స్పాంజిల్లో ఒకటే ఉంది, కొత్తదానిలా తెల్లగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు. బ్లీచింగ్ పౌడర్.

"ఇది ఎవరు కడిగిన్రు?"

"నేనే, నిన్న. తీజ్ బుట్టలల్ల మొలకలకు గోధుమలు చల్లేముందు ఇల్లంతా కడుగుతం గదా. అంత జిగట మురికి ఇంట్ల పెట్టుకొని తీజ్ జేస్తమా?"

"ఆ మురికే దాన్ని బతికిస్తది, యాడీ."

చాంది నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయింది.

జ్యోత్స్న మోటారు ఆపి స్పాంజిని అవతల పారేసింది. వెంటనే నీళ్లు మార్చాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అందుకే వాటిని డ్రమ్ములో పట్టి ఎండలో ఉంచుతుంది. బయటికి పరుగెత్తింది. డ్రమ్ము బోర్లించి ఉంది.

"ఇది గూడనా?"

"ఆశా వర్కర్ వచ్చింది. నిల్వనీళ్లల్ల దోమలు పెడతయన్నది. పారబోసిన." చాంది గొంతు తగ్గింది. "బోరింగు నీళ్లు పనికొస్తయా?"

చేతిపంపు నీళ్లలో క్లోరిన్ కలపరు. ఇద్దరూ బిందెలు తీసుకుని వీధి చివరికి పరుగెత్తారు. ముందు తుప్పు నీళ్లు వచ్చాయి. తేటపడేదాకా చాంది పంపు కొడుతూనే ఉంది, కొంగు జారినా సర్దుకోలేదు.

తెచ్చి టబ్బులో పోసిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ముత్యానికి చల్లదనం కావాలి. కిరాణా కొట్టు నిర్మలాదేవిని అడిగి ఫ్రిజ్‌లో గడ్డకట్టిన సీసాలు తెచ్చారు.

"మూత గట్టిగ బిగియ్యి. అది కుళాయి నీళ్ల మంచు, కరిగి దీంట్ల కలవొద్దు. జల్దీ," అంటూ జ్యోత్స్న సీసాలను టబ్బులో వేసింది.

టబ్బులో నీళ్లు చల్లబడ్డాక జ్యోత్స్న రెండు చేతులతో ముత్యాన్ని దించింది. అది ఒకవైపు ఒరిగింది. కదల్లేదు. ఆమె నీళ్లలోనే చేతులుంచి చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఒక కాలు కదిలింది. మెల్లగా అడుగుకు దిగింది.

"బతికిందా?"

"ఇప్పటికి బతికింది. తొట్టి నింపినా ఫిల్టర్ల విషం తినే ఆ పురుగులు లేవు గదా. రేపు మల్ల ఇదే గతి. కొత్తయి పుట్టాలంటే నెల పైన పడ్తది."

చాంది సింకు కిందికి వంగి ఒక బకెట్ లాగింది. మురికి నీళ్లలో గోధుమరంగు ముద్ద ఒకటి నానుతోంది.

"రెండు స్పాంజిలుండె. పౌడర్ ఒకదానికే సరిపోయింది. దీన్ని ఇయ్యాల కడుగుదామనుకున్న."

"దాన్ని పారేసినవనుకున్న. ఏం నీళ్లివి?"

"ఆ తొట్టియే. దాన్ని తీసినప్పుడు కారినయి."

జ్యోత్స్న ముద్దను వాసన చూసింది. ఘాటు లేదు. చెరువు బురద వాసన. పిండకుండా, జారనీయకుండా రెండు అరచేతుల్లో పట్టుకుని ఫిల్టర్ దగ్గరికి నడిచింది. బోరింగు నీళ్లతో ఫిల్టర్ కడిగి, దాన్ని లోపల పెట్టి, తొట్టిలో సగం నీళ్లు మార్చి మోటారు వేసింది.

మర్నాడు పొద్దున తొట్టి నీళ్లు పట్టి చూస్తే గొట్టంలో ఆకుపచ్చ పలచబడింది. మధ్యాహ్నానికి పసుపులోకి తిరిగింది. తిరిగి తొట్టిలోకి చేరిన ముత్యం వానపామును ఒక్క గుటకలో మింగింది.

తండా నుంచి ఫోన్. చాంది ఎత్తింది.

"అవ్, గోధుమలు మీరే చల్లున్రి. మేం రేపొస్తం. ఈడ నీళ్లు మార్చే పనుంది."

ఫోన్ పెట్టి, బిందె చంకనెత్తుకుని బోరింగు వైపు నడిచింది.