రేపటి గడి

గుండయ్య చెప్పులు గడప బయటే విడిచి, పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, తడి చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు ఉంది. దానితో తుడుచుకుంటే కడిగిన ఫలితం పోతుందని పట్నం దవాఖానలో నర్సు త్రివేణి చెప్పింది. ముప్ఫయ్యేళ్లు అల్లం బస్తాలు మోసిన చేతులవి. వేళ్ల పగుళ్లలో చేరిన ఎర్రమట్టి ఇక ఈ జన్మకు కదలదు. అయినా రోజూ రుద్దుతాడు.

చిరాగ్‌పల్లిలో హైవే పక్కనే ఉంది రమ్య వాళ్ల ఇల్లు. లారీ వెళ్లినప్పుడల్లా అటక మీద గిన్నెలు మోగుతాయి. మంచం మీద ఏడేళ్ల రమ్య గోడకు ఆనుకుని కూర్చుంది. నున్నటి తల, సన్నటి మెడ, ఆ మొహంలో కళ్లే ఎక్కువ. రక్తపు క్యాన్సర్ రెండుసార్లు తిరగబెట్టింది. ఉన్న మందులన్నీ వాడేశాక డాక్టర్లు కొత్త మందు సంగతి చెప్పారు. దాన్ని అంతవరకు పెద్దవాళ్లకే ఇచ్చారు. పిల్లల ఒళ్లు ఎంత మోతాదు ఓర్చుకుంటుందో ఇప్పుడు తెలుసుకోవాలి. నయమవుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. తల్లి జ్యోతి అంతా విని సంతకం చేసింది.

గుండయ్య పని చెప్పుకోదగ్గదేమీ కాదు. వారానికి రెండుసార్లు తల్లీబిడ్డలను బస్సులో పట్నం తీసుకుపోవాలి, వాళ్ల బదులు వరుసలో నిలబడాలి, రక్తం తీసే వేళ దాటకుండా చూడాలి. మిగతా రోజుల్లో ఇంటికొచ్చి, తల్లి నింపే పుస్తకం చూడాలి. రోజుకో గడి. మందు ఎప్పుడు వేసింది, జ్వరం ఎంత, వాంతులు ఎన్ని.

జ్యోతి పుస్తకం ఇచ్చింది. గుండయ్య కళ్లద్దాలు పెట్టుకుని, నాలుగో తరగతి చదువుతో, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. సోమవారం వాంతి లేదు. మంగళవారం లేదు. బుధవారం లేదు. గురువారమూ లేదు.

"ఇయ్యాల ఏం వారం బిడ్డా?"

"బుధారం, కాకా."

"మరి రేపు బేస్తారం కక్కలేదని నీకెట్ల తెలిసె?"

జ్యోతి చేతిలోని చెంబు కింద పెట్టింది. వారం మొత్తం కూర్చున్నపాటున ఒకేసారి, ఒకే పెన్నుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసింది పాపం. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాళ్లు ఇలాగే దొరికిపోతారు. బయట తీగ మీద రమ్యవి నాలుగు గౌన్లు ఆరుతున్నాయి. ఆ పిల్లకు ఉన్నవే ఐదు.

"నిన్నటిసంది ఏదీ ఆగుతలేదు కాకా. నీళ్లు గూడ. రాస్తె మందు బంద్ జేస్తరు. బంద్ జేస్తె ఇంక నా బిడ్డకు ఏమున్నది?"

ఆమె అన్నది నిజమే. గుండయ్య పుస్తకం తెరిచే ఆమె ముందు పెట్టాడు.

"మా బిడ్డ మమతకు ఐదేండ్లప్పుడు గిదే బీమారి. మందుతోని బతికింది. ఇయ్యాల దానికే ఇద్దరు పిల్లలు. గా మందు ముందుగాల ఎవల బిడ్డ మింగిందో, ఎన్నిసార్లు కక్కిందో నాకు తెల్వది. గా తల్లి రాసింది. దాచిపెడితె మా మమతకు మందు ఎక్కువ పోసేటోళ్లు."

అన్నాక తనమీద తనకే కోపం వచ్చింది. బతికిన పిల్ల తండ్రి, బతుకుతుందో లేదో తెలియని పిల్ల తల్లికి చెప్పవలసిన మాటేనా అది? కానీ జ్యోతి పెన్ను తీసుకుంది. రాసినవన్నీ కొట్టేసి, కింద ఇరికించి, సోమవారం రెండు, మంగళవారం ఆరు అని రాసింది. గుండయ్య త్రివేణికి ఫోన్ చేశాడు. వెంటనే తీసుకురమ్మంది.

ఆటోలో జహీరాబాద్ చేరేలోపే అల్లం వ్యాపారుల సంఘం అధ్యక్షుడు రేవణసిద్ధప్ప ఫోన్ మీద ఫోన్. మార్కెట్లో ఒక ఆనవాయితీ ఉంది. తూకమైన ప్రతి కుప్పలోంచి రైతు ఒక పిడికెడు, కొన్న వ్యాపారి ఒక పిడికెడు అల్లం తీసి, కాటా పక్కన నిలబెట్టిన దవాఖాన బస్తాలో వేస్తారు. సాయంత్రం ఆ బస్తా కూడా వేలానికి వస్తుంది. గుండయ్య జీతం, పిల్లల బస్సు చార్జీలు, పట్నంలో తల్లులు పడుకునే గది అద్దె, రోజంతా గంట గంటకూ రక్తం తీసే నర్సు జీతంలో సగం, అన్నీ ఆ బస్తాలోంచే వస్తాయి. ఆ సొమ్ము ఎవరికివ్వాలో ఏడాదికోసారి చేతులెత్తి తేలుస్తారు, ఆ రోజు ఇవాళే. ఈసారి మల్లేశ్ సేటు మార్కెట్ ముందు రాతి కమాను కట్టిద్దామంటున్నాడు, దాని మీద అందరి పేర్లూ చెక్కించి. పేర్లనగానే చాలామంది అటు మొగ్గారు. బస్తా అటు పోతే ఇటువైపు ముగ్గురు పిల్లలకు వచ్చే నెల నుంచి పట్నం దారి మూసుకుపోయినట్టే.

"పిల్లలు మంచిగైతున్నరని ఒక్క ముక్క చెప్పు, చాలు. మిగిలింది నేను జూసుకుంట," అన్నాడు రేవణసిద్ధప్ప. మంచివాడే, కాకపోతే కష్టమంతా ఒక్క ముక్కతో తీరిపోవాలంటాడు.

పట్నం బస్సుకు ఇంకా పావుగంట ఉంది. ఆటో మార్కెట్ గేటు దగ్గర ఆపించి, తల్లీబిడ్డలను అందులోనే ఉంచి గుండయ్య షెడ్డులోకి వెళ్లాడు. ఇరవై మంది దాకా ఉన్నారు. వీళ్లందరి బస్తాలూ ఏదో ఒకనాడు అతని వీపు మీదికి ఎక్కినవే. మల్లేశ్ సూటిగా అడిగాడు.

"గా కొత్త మందుతోని ఎంతమంది పిల్లలు మంచిగైన్రు గుండయ్యా?"

ఒక్క ముక్క. నాలుక చివరే ఉంది. పొద్దున్నే ఒక తల్లి చేత నిజం రాయించి వచ్చాడు.

"ఇంకా ఎవలు గాలేదు సేటూ."

రేవణసిద్ధప్ప కళ్లు మూసుకున్నాడు. మల్లేశ్ చుట్టూ చూసి చేతులు తిప్పాడు. "మరి గంత అల్లం ఏడికి పోతున్నది?"

అప్పుడు వెనక నుంచి జ్యోతి గొంతు వినిపించింది. పిల్లను భుజాన వేసుకుని ఎప్పుడొచ్చిందో వచ్చి నిలబడింది.

"నా బిడ్డ నిన్న ఆరుసార్లు కక్కింది. గది బుక్కుల రాసినం. ఇంత మందు పిల్లలకు పడదని ఇప్పుడు ఎరుకైతది. మీ అల్లం గీ మాట ఎరుక చేసెటందుకు పోతున్నది సేటూ. నా బిడ్డ సంగతి దేవుడెరుగు. ఎనుక వచ్చే పిల్లలకు గీ తిప్పలుండయి."

ఆమె ఇక ఆగలేదు. బస్సు వేళయింది.

దవాఖానలో రమ్యకు సెలైను పెట్టి లోపలికి తీసుకుపోయారు. గుండయ్య వరండాలో రెండు గంటలు కూర్చున్నాడు. త్రివేణి వచ్చి జ్యోతి పక్కన కూర్చుని, ఆమె చేయి పట్టుకుని చెప్పింది. రక్తకణాలు బాగా పడిపోయాయి. డాక్టరు మందు ఆపేశారు. ఇక ఇంట్లో నొప్పి తెలియకుండా చూసుకోవడానికి వేరే మందులిస్తారు, అది చూసేవాళ్లు వేరే. ఇదే మందు మొదలుపెట్టబోయే తరువాతి పాపకు మోతాదు తగ్గిస్తున్నారు.

జ్యోతి ఏడవలేదు. "గా పాపకు ఎన్నేండ్లు?" అంది.

"ఐదు."

"పేరేంది?"

"చెప్పకూడదమ్మా."

జ్యోతి తలూపింది. ఆ ఊపు చూసి గుండయ్య ఏడ్చాడు, అరవై దగ్గరపడ్డ మనిషి, అందరూ చూస్తుండగానే.

పిల్ల నిద్రపోతోంది. అతను తలుపు అద్దంలోంచి చూసి వచ్చేశాడు. రేపటి నుంచి చిరాగ్‌పల్లి పోవలసిన పని లేదు.

తిరుగు బస్సు సంగారెడ్డి దాటుతుండగా రేవణసిద్ధప్ప ఫోన్ చేశాడు. "ఇంకో ఏడాది బస్తా పిల్లలకే. మల్లేశ్ గూడ చెయ్యెత్తిండు. పాప ఎట్లున్నది?" గుండయ్య "పడుకున్నది సేటూ" అని ఫోన్ పెట్టేశాడు.

కండక్టరు వస్తే చిల్లర కోసం భుజాన వేలాడే సంచిలో చెయ్యి పెట్టాడు. మడతపెట్టిన బిస్కెట్ పొట్లం తగిలింది. రేపటికని రమ్య ఎప్పుడు దాచిపెట్టిందో, మూతి గట్టిగా చుట్టి ఉంది. లోపల రెండు బిస్కెట్లు ఉన్నాయి, ఒకదాని అంచున చిన్న పంటిగాట్లు.