గుడ్డ చుట్టిన సీస

బుచ్చవ్వ చాయ్ రోజూ సల్లారిపోయేది. గ్లాసు నోటికాడికి రాంగనే ఆమె మొగడు రాయమల్లు "నీ మర్దిని అడుగు, కిరాయికి ఎటు పోతుండో" అనేటోడు. మర్ది మొగిలి చెయ్యి సాపితే అందేంత దూరంలనే కూసోని ఉండేటోడు. అయినా బుచ్చవ్వ అడగాలె, జవాబు తెచ్చి చెప్పాలె. నస్పూర్‌ల వాళ్ల ఇంట్ల మూడేండ్ల సంది ఇదే తీరు. పోస్టాఫీసుకైనా ఆదివారం సెలవుంటది, పాపం బుచ్చవ్వకు అది గూడ లేకపాయె.

అన్నదమ్ములు మాట బందు చేసుకున్నది వాళ్ల అవ్వ పోయిన నాడు. నడి ఎండకాలం. మొగిలి తన అంబాసిడర్ ఏసుకొని కిరాయి మీద ఉట్నూర్ పోయిండు. కబురంది ఉరికొచ్చేసరికి రాయమల్లు అవ్వను సాగనంపి, తానం చేసి కూసున్నడు. కడసారి మొకం గూడ సూడనియ్యలేదని మొగిలి మొత్తుకున్నడు. రాయమల్లు తువ్వాల భుజాన ఏసుకొని లోపటికి పోయిండు. గంతే, ఇద్దరి నడుమ మాట ఆడికే ఆగింది.

ఇప్పుడు మొగిలి ఆ కారు అమ్ముతుండు. బల్లార్షాల డ్రైవర్ నౌకరి దొరికిందట, నాలుగోనాటి రైలుకు పోతడట, మల్ల ఈ గడప తొక్కడట. అన్ని వదినెతోనే చెప్పిండు. కారు కొనే శ్రీధర్‌రావు ఆసిఫాబాద్ నుంచి మూడోనాడు పగటీలి, అన్నం యాళ్లకు వస్తనన్నడు. క్లచ్ కొత్తది ఏస్తెనే తీసుకుంటనన్నడు. ఆ చుట్టుపక్కల అంబాసిడర్ క్లచ్ ఏసే మెకానిక్ రాయమల్లు ఒక్కడే. మొగిలి ఏంజేస్తడు, తాళంచెవి తెచ్చి వదినె చేతుల పెట్టిండు.

రాయమల్లు ఇంటి ముంగటి షెడ్డుల రెండు దినాలు కారు కిందనే ఉండి, పైపు ఇప్పి, కొత్త ప్లేటు ఎక్కిచ్చిండు. పనిల వంక పెట్టేదేం లేదు. గని పెడలు మీద కాలు పెడితే తడిబట్టల మూట మీద పెట్టినట్టు మెత్తగ కిందికి పోతుంది. గేరు ఎయ్యబోతే కర్రుమంటుంది. క్లచ్ డబ్బల ఆయిలు సూసిండు, నిండుగుంది. పైపులు తడిమిండు, యాడ కారుతలేదు. ఇగ పైపు లోపల గాలి చొచ్చిందన్నట్టే.

గాలి తీసుడు ఇద్దరి పని. పైన ఒకడు పెడలు తొక్కి పట్టాలె. కింద ఇంకొకడు నిప్పిలు, అంటే పైపు కొసకున్న చిన్న మూతి, వదులు చేస్తే ఆయిలుతోని గాలి రబ్బరు గొట్టం నుంచి సీసలకు వస్తది. నిప్పిలు బిగించినంకనే పైనోడు కాలు తియ్యాలె. ముందుగాల తీసిండా, పోయిన గాలి మల్ల లోపటికే.

ఆ గాలి ఉత్త గాలి గాదు. పైపు ఇప్పినోని గొంతుల ఆగిపోయిన మాటలే అండ్ల చొస్తయి. సీసల బుడగ పలిగితే మాట ఇనవడ్తది. అందుకనే మెకానిక్‌లు సీసకు మందం గుడ్డ చుడతరు, ఒకని కడుపుల మాట ఇంకొకడు ఇనుడు మర్యాద గాదని. పక్క షెడ్డు హనుమండ్లు ఒకపారి గుడ్డ మరిసిండు. వాళ్ల అత్త మీది తిట్లు బజారంత ఇన్నది. రాయమల్లు ఎన్నడు మరువలే. ఆ దినం గూడ రెండు మడతలు చుట్టిండు.

మూడోనాడు పొద్దుగాల పని మొదలైంది. "తొక్కుమను" అని కారు కిందికెల్లి రాయమల్లు. "తొక్కు, మర్దీ" అని డోరు కాడ బుచ్చవ్వ. "పట్టుకొమ్మను" అని ఆయన అంటడు. ఆమె ఇటు తిరిగి ఇని, అటు తిరిగి చెప్పేసరికి మొగిలి కాలు తీసేసి ఉంటడు. పోయిన గాలి గుటుక్కున లోపటికి. ఇట్ల ఇరవై మాట్లు అయింది. సీస నిండింది గని పెడలు మాత్రం మెత్తగనే ఉంది.

రాయమల్లుకు లోపల ఇంకో పరేషాని. క్లచ్ బాగైతే తమ్ముడు పోతడు. కాకుంటే చేతి పని పేరు పోతది. రెండిట్ల ఏది పోవాల్నో ఆయనకే తెలుస్తలేదు.

పొయ్యి మీద అన్నం మాడిన వాసనొచ్చింది. బుచ్చవ్వకు ఎక్కడలేని కోపమొచ్చింది. మొగిలి తొక్కి పట్టిండు, రాయమల్లు నిప్పిలు ఇప్పిండు, అప్పుడే ఆమె వంగి సీసకున్న గుడ్డ గుంజి అవతల పారేసింది.

బుడగ లేసింది, పలిగింది. "తమ్మీ" అన్నది. అచ్చం రాయమల్లు గొంతే.

నిప్పిలు బిగిస్తే మాట ఆగుతది. రాయమల్లు చేతుల పానా ఉంది, చెయ్యే తిరగలే.

ఇంకొకటి పలిగింది. "ఎండకు అవ్వ మొకం మారిపోతుండె. నువ్వు అట్ల సూస్తే జన్మల మరువవని పాడె జల్ది లేపిన."

చిన్న బుడగ ఒకటి ఆగి ఆగి లేసింది. "జర సేపు ఆగాల్సుండె. తప్పు నాదే."

మొగిలి కండ్లకెల్లి నీళ్లు కారుతున్నయి. పెడలు మీది కాలు మాత్రం కదపలే. మూడేండ్లు ఎవని మీద కోపం మోసిండో, వాడు తన కోసమే ఆ పని చేసిండని ఇప్పుడు తెలిసె. వదినె దిక్కు సూడలే. కిందికి వంగిండు.

"అన్నా, తొక్కి పట్టిన. బిగియ్యి."

కారు కింద పానా తిరిగింది.

"బిగించిన, తమ్మీ. ఇడువు."

నడుమ ఎవరు లేకుంట ఏడెనిమిది మాట్లకే పని ఒడిసింది. సీసలకు ఆయిలొక్కటే వచ్చింది. పెడలు గట్టిగ, కాలుకు ఎదురు నిలవడ్డది. గేరు వెన్నలెక్క పడ్డది.

పగటీలి శ్రీధర్‌రావు వచ్చి, తొక్కి సూసి, బండి శానా బాగున్నదని సంబురపడ్డడు.

"బాగైంది సార్. గందుకే అమ్ముతలేను" అన్నడు మొగిలి. ఆయన జర గుస్స అయిండు గని, మొగిలి అదే కారుల బస్టాండు దాక దిగబెట్టి వచ్చిండు. బల్లార్షాకు రానని పోస్టుకార్డు గూడ అటే ఏసి వచ్చిండు.

పొద్దుగూకంగ బుచ్చవ్వ చాయ్ పోసి తానూ ఒక గ్లాసు పట్టుకున్నది. అలవాటు కొద్ది రాయమల్లు "నీ మర్దిని అడుగు, చక్కెర సాలిందా..." అనబోయి, నాలిక కరుసుకొని తమ్ముని దిక్కు తిరిగిండు. ఇద్దరు మాట్లాడుకుంటనే ఉన్నరు. బుచ్చవ్వ ఏం ఇనలే. మూడేండ్లకు మొదటిసారి ఏడి ఏడి చాయ్, ఊదుకుంట ఊదుకుంట, కడదాక తాగింది.