సరాయ్ పగటినిద్ర

మిట్టమధ్యాహ్నం. పైన రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. కింద పిల్లల ఊపిరి.

సన్నగా... తడిగా... పాలవాసనతో.

సియెనగా ఊళ్ళో ఆ వేళకి కుక్కలు కూడా మొరగవు. ఉప్పునీటి సరస్సు మీంచి వచ్చే గాలి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది — లోపలికి రావడానికి దానికీ బద్ధకమే.

నూరిస్ పిల్లల్ని చూసుకుంటుంది. తల్లులు పనికి పోతూ పొద్దున్నే ఆమె గుమ్మంలో దించి పోతారు. కొబ్బరన్నం తినిపించి, మూతులు తుడిచి, చాపలు పరిచి, ఒక్కొక్కరినే నిద్రలోకి దింపుతుంది.

ఒకడికి చెవి నిమరాలి.

ఒకత్తెకి తల్లి కట్టి విడిచిన గుడ్డముక్క కావాలి.

ఇంకొకడు ఏడ్చి ఏడ్చి, ఎందుకు ఏడుస్తున్నాడో మరిచిపోయి పడుకుంటాడు.

పడుకోబెట్టడం ఒక పని. లేపడం అసలు పని. ఎండ గుమ్మం దిగకముందే లేపెయ్యాలి. లేపకపోతే ఆ నిద్ర రాత్రిని మింగేస్తుంది. మర్నాడు తల్లులు ఎర్రకళ్ళతో వస్తారు.

ఇది నూరిస్‌కి బాగా తెలుసు.

బాగా తెలుసు కాబట్టే... సరాయ్‌ని లేపలేదు.

సరాయ్ ఎల్కిన్ కూతురు. ఎల్కిన్ ఒకప్పుడు నూరిస్ మొగుడు.

ఈ ఇంటికి రేకులు వేసింది అతనే. ఆ చేతులతోనే ఒకరోజు బట్టలు సర్దుకున్నాడు. "పిల్లల్లేని కొంప. ఈ నిశ్శబ్దంలో నాకు నిద్ర కూడా పట్టట్లేదు," అన్నాడు పోతూ పోతూ. వీధంతా విన్నది. ఆ వారమే లినెత్ ఇంట్లో చేరాడు. బైకు టాక్సీ నడుపుకుంటూ నూరిస్ గుమ్మం ముందు నుంచే పోయేవాడు — తల తిప్పకుండా.

నూరిస్ ఊళ్ళోవాళ్ళ పిల్లలతో ఇల్లు నింపుకుంది.

ఒక పొద్దున లినెత్ వచ్చింది. చంకలో పిల్ల. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల.

"నూరిస్ అక్కా... ఇంత చిన్నదాన్ని ఎవరూ తీసుకోవట్లేదు. జుట్టు కత్తిరించే షాపులో పని దొరికింది. మీరు కాదంటే అదీ పోతుంది."

నూరిస్ పిల్లని చూసింది. అవే కనుబొమలు. అదే గడ్డం మీద సొట్ట.

"ఇలా తే," అంది.

మధ్యాహ్నం అందర్నీ చాపల మీద పడుకోబెట్టింది. సరాయ్‌ని మాత్రం వెనకగది చీకట్లో, ఊయల్లో. తడిగుడ్డతో నుదురు తుడిచింది. తెర లాగింది. మిగతా పిల్లలు లేచారు, బెల్లం నీళ్ళు తాగారు, గోల చేశారు. ఊయల మాత్రం ఆగలేదు. నూరిస్ కాలు ఆగలేదు.

పడుకో తల్లీ... పడుకో.

మీ నాన్న నిద్ర కూడా నువ్వే పడుకో.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

చేపలమ్మే దెనిస్ బుట్ట దించుతూనే మొదలెట్టింది. "ఏమే నూరిస్, ఎల్కిన్ ఇంట్లో తెల్లవార్లూ లైటే! ఆ పిల్ల కేరింతలు మా మంచం దాకా వినిపిస్తున్నాయి. చర్చి గంటకి ఇంక పని లేదు!"

"అయ్యో పాపం," అంది నూరిస్, చేప పొలుసు గీకుతూ.

ఆ రోజు చేప ఎంత రుచిగా ఉందో!

నిశ్శబ్దం వద్దన్నావుగా... విను. గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగు. పొద్దున బైకు మీద తూగు. ఎండలో కళ్ళు మండించుకో. ఊపిన ప్రతి ఊపుకీ ఆ ముఖం వాడిపోవడం నూరిస్ చూస్తూనే ఉంది — ఊహలో.

కళ్ళెదుట వాడిపోతున్నది లినెత్.

గుండీలు తప్పుగా పెట్టుకొస్తోంది. వేడి దువ్వెనతో ఎవరిదో చెవి కాల్చేసిందట. నూరిస్ అటు చూడలేదు. నీ వంతూ కొంత ఉందిలే... అనుకుంది.

ఒకరోజు లినెత్ సాయంత్రం రావలసింది మధ్యాహ్నమే వచ్చింది. షాపువాళ్ళు ఇంటికి పొమ్మన్నారట. "కాస్త కూర్చుంటానక్కా," అని చాప అంచున కూలబడింది.

నూరిస్ ఊయల ఊపుతూ, ప్రతి మాటనీ చప్పరిస్తూ అడిగింది. "ఎల్కిన్‌కి నిద్ర పడుతోందా?"

లినెత్ నవ్వింది. ఏడుపు లాంటి నవ్వు.

"ఆయనకేం అక్కా! పిల్ల కుయ్యిమనగానే దుప్పటి చంకన పెట్టుకుని వాళ్ళమ్మ ఇంటికి పోతాడు. పొద్దున తల దువ్వుకుని వస్తాడు. మొదటి రాత్రి నుంచీ ఇంతే."

నూరిస్ కాలు ఆగింది.

మొదటి రాత్రి నుంచీ.

అంటే అన్ని రాత్రులూ... అతను నిద్రపోయాడు. తల్లి చేతి వంట తిని, బోర్లా పడుకుని, నిద్రపోయాడు.

ఆమె తిరిగి చూసేసరికి లినెత్ చాప మీదికి జారిపోయింది. నోరు తెరుచుకుని, పిల్లల మధ్య ఇంకో పిల్లలా. ఒక బుడ్డోడు నిద్రలోనే ఆమె జడ పట్టుకున్నాడు.

నూరిస్ కోపం చల్లారలేదు. దానికి అసలు చిరునామా ఇప్పుడు దొరికింది.

పిల్లల్ని గుసగుసగా లేపింది. గుసగుసగానే ఎవరి తల్లులకి వాళ్ళని అప్పగించింది. లినెత్‌ని లేపలేదు. సరాయ్‌నీ లేపలేదు.

సాయంత్రం బైకు ఆగింది. ఇస్త్రీ చొక్కా. తడి క్రాపు. ఇన్నేళ్ళకి ఆ గుమ్మంలో ఎల్కిన్.

"లినెత్ ఏది? ఇంట్లో అన్నం లేదు."

"మెల్లగా. నిద్రపోతోంది."

"లేపు."

"లేపను. ఎవర్ని ఎప్పుడు లేపాలో నాకు తెలుసు."

లోపలికి వెళ్ళింది. సరాయ్‌ని ఎత్తుకొచ్చింది. బుగ్గ మీద ఊయల అల్లిక అచ్చు. కళ్ళు... కడిగిన గాజుల్లా. అతని చేతుల్లో పెట్టింది.

"నీ కూతురు. తనివితీరా పడుకుని లేచింది. ఈ రాత్రి నీది."

"మా అమ్మకి ఒంట్లో—"

"అక్కడికే తీసుకుపో. ఆవిడ కూడా వినాలిగా."

ఒంటిచేత్తో బండి నడపలేడు. అక్కడే వదిలి నడిచాడు. తన గుమ్మంలోంచి దెనిస్ పగలబడి నవ్వింది. "ఏరా ఎల్కినూ! జోలపాట ఒక్కటైనా వచ్చా?"

అతని భుజం మీదుగా సరాయ్ చేతులు చాపింది. నూరిస్ వైపు.

నూరిస్ చేతులు కూడా లేచాయి... ఆమె వాటిని కట్టుకుంది.

లోపల లినెత్ నిద్రలోనే పక్కన తడుముతోంది. లేస్తుంది. పిల్ల ఏదని అడుగుతుంది. ఏం చెప్పాలో నూరిస్‌కి ఇంకా తెలియదు.

వీధి మలుపులో సరాయ్ పెద్ద కేక పెట్టింది.

కేరింతో, ఏడుపో...

అంత దూరం నుంచి తెలియలేదు.