బంతికి పట్టిన మైల

నేను ఒక గాలి పంపును. ఇనుప గొట్టం, పైన కర్రపిడి, కింద కాళ్లతో తొక్కిపట్టుకునే రెండు రెక్కలు, పక్కన ఒక రబ్బరు పైపు. ఇంతకు మించి నాకు రూపం లేదు. కాజీపేట రైల్వే కాలనీ గేటుకు ఎదురుగా కొమురెల్లి సైకిల్ షాపులో, తలుపు వెనక, చీపురు పక్కన ఉంటాను. నాకు కుళ్లు ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరేదో కనిపెట్టామని మురిసిపోకండి. నా కుళ్లంతా ఒక్కదాని మీదే, ఫుట్‌బాల్ మీద.

మీరే న్యాయం చెప్పండి. దాని కడుపులో ఉన్నదేమిటి? గాలి. ఆ గాలి ఎవరిది? నాది. నేను రొప్పుతూ ముప్పై పోట్లు కొడితే గానీ అది గుండ్రంగా నిలబడదు. నేను లేకపోతే అది వానలో తడిసిన అప్పడం. అయినా గోలు పడితే జనం ముద్దు పెట్టుకునేది దాన్ని, భుజాన వేసుకుని తిరిగేది దాన్ని. సొమ్మొకడిది, సోకొకడిది.

ఉత్తరాదిన ఎక్కడో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసినవాడు బీడీ కాలుస్తూనే నా గొట్టం నునుపు చేశాడు, లోపల తోలు వాషర్ తొడిగాడు, పైపు మూతిని బొటనవేలితో మూసి పిడి నొక్కి చూశాడు. గాలి వాడి వేలిని ఎగరగొట్టింది. "ఠీక్ హై" అన్నాడు. నాకు దొరికిన మొదటి మెప్పు అదే. చాలా ఏళ్ల దాకా చివరిదీ అదే.

అక్కణ్ణుంచి గూడ్సు బండిలో కాజీపేట వచ్చాను, రైల్వేవాళ్ల ఆటల గదికి. నాతోపాటు అదే చెక్కపెట్టెలో ఒక తోలు ఫుట్‌బాల్ కూడా వచ్చింది. ఇద్దరం ఒకే బండి దిగాం, ఒకే కూలీ తల మీద ఊరు చూశాం. దాన్ని అద్దాల బీరువాలో పెట్టారు. నన్ను తలుపు వెనక నిలబెట్టారు. ఆ రోజు మొదలైన మంట ఇది. ఆ గది గుమాస్తా నాతో తన స్కూటరు టైర్లకు గాలి కొట్టుకున్నాడు, కూతురి పెళ్లికి బుడగలు ఊదించాడు. ఆయన దగ్గర్నుంచి ఒక ఇంజన్ డ్రైవరు రెండు రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్లి ఆరేళ్లు ఇవ్వలేదు. మనుషులు బంతిని తీసుకుపోతే తిరిగిస్తారు, పంపును తీసుకుపోతే మరిచిపోతారు. చివరికి ఆ డ్రైవరు బదిలీ మీద వెళ్తూ, సామాను లారీలో చోటు చాలక, నన్ను కొమురెల్లి షాపులో వదిలేశాడు. ఇక్కడా తలుపు వెనకే. టైర్లకు కరెంటు మిషనుంది, నాకు బంతి పని ఒక్కటే.

కొమురెల్లికి అరవై దాటాయి. కుర్రతనంలో కాలనీ జట్టుకు ఎడమవైపు ఆడేవాడు. ఇప్పుడు లేచి నిలబడితే మోకాలు టిక్కుమంటుంది. షాపులో గోడకు ఒక టీవీ, దాని పై అరలో సైకిల్ టైరును చుట్టగా చేసి, ఆ చుట్ట మీద ఒక ఫుట్‌బాల్. అందరూ చందాలేసుకుని కొన్న మంచి బంతి. అది దేవుడిలా అక్కడ కూర్చుంటుంది. మన దేశం జట్టు ఎక్కడ ఆడినా పదిమంది మగవాళ్లు నీలం చొక్కాలు వేసుకుని షాపులో చేరతారు. అందరిలోకి ముందుండేవాళ్లు ఇద్దరు. రిటైరైన గార్డు మొగిలి ఒకడు, అరటిపళ్ల బండి రఫీక్ ఒకడు. ఊరంతా క్రికెట్ చూస్తుంటే వీళ్లు ఇది చూస్తారు. చూసి ఏడుస్తారు.

ఒకసారి ఇలాగే ఓడిపోయినప్పుడు మొగిలి పెద్దగా నిట్టూర్చి, "సావు జరిగిన ఇల్లు లెక్కుంది. ఇగ మైల పట్టుడే నయం" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. కొమురెల్లి నవ్వలేదు. లేచి బంతిని దింపి, సూది గుచ్చి గాలి తీసేశాడు. ఆనాటి నుంచి అదో ఆచారమైంది. జట్టు ఓడితే పదకొండు రోజులు మైల. బంతి చదునైపోయి మేకుకు వేలాడుతుంది. ఎవరూ దాన్ని ముట్టరు, ఆట మాటెత్తరు. పదకొండో రోజున మైదానంలో వంటలు చేసి, పిట్టకు పెట్టి, ఆ తర్వాతే మళ్లీ గాలి కొడతారు. రఫీక్ మొదట వేళ్లు లెక్కపెట్టుకుని, "మా లెక్కల నలభై దినాలు. మీదే నయమున్నది భాయ్" అన్నాడు.

నాకు మాత్రం ఆ మైల రోజులే పండగ. పదకొండు రోజులు అది నాకంటే హీనం. పదకొండో రోజున మాత్రం నాకు బొట్టు పెట్టి, చేతుల మీద మైదానానికి తీసుకుపోతారు. నిజం చెప్పొద్దూ, మన జట్టు ఓడాలని చాలాసార్లు కోరుకున్నాను. దానికోసం నేను ప్రత్యేకంగా కష్టపడాల్సిన పని కూడా ఉండేది కాదు.

మొన్న వానాకాలంలో వచ్చిన ఓటమి మాత్రం మామూలుది కాదు. ఆసియా పోటీలకు పోవాలంటే గెలిచి తీరాల్సిన ఆట. అవతలిది సముద్రం మధ్య చుక్కంత దేశం, పేరు పలకబోతే మొగిలికి నోరు తిరగలేదు. "మన జంక్షన్ల ఒక్క బండి దిగే జనమంత లేరు ఆళ్ల దేశంల" అన్నాడు. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మనవాడే బంతిని మన గోల్‌కీపరుకు మెల్లగా వెనక్కి తన్నాడు, అది మధ్యలోనే వాళ్లకు దొరికి గోలైంది. అంతే. రఫీక్ ఒక అరటిపండు తొక్క ఒలిచి, తినకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. కొమురెల్లి టీవీ ఆపి, సూదిని నాలుకతో తడిపి, బంతికి గుచ్చాడు. సుయ్యిమంటూ దాని ప్రాణం పోయింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు పొద్దున కొమురెల్లి మనవరాలు రవళిక వచ్చింది. తొమ్మిదో తరగతి. బడి బ్యాగు దింపకుండానే అడిగింది.

"తాతా, బాల్ ఇయ్యి. అచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం మ్యాచున్నది మాకు. హన్మకొండల."

"మైలల ఉన్నది బిడ్డా. పదకొండో దినం దాక ముట్టద్దు."

"ఆళ్లు ఓడిపోతే బాల్‌కు మైలేంది? మా ఆటల సారు బదిలీ అయిండు, బడిల బాల్ పలిగింది. పదకొండు మందిమి పేర్లిచ్చినం తాతా. బాల్ లేకుంట ఏం నేర్సుకోవాలె?"

కొమురెల్లి చేతిలో ఉన్న చక్రాన్ని ఒకసారి తిప్పి ఆపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఈ ఆట మనసు ఇరగ్గొడ్తది బిడ్డా. నలభై ఏండ్లసంది సూస్తున్న. మాతోనే పోనియ్యి. నువ్వు సక్కగ సదువుకో."

ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. చెత్తడబ్బాలో పడేసిన పాత ట్యూబు ముక్కలన్నీ ఏరుకుని చున్నీలో పోసుకుని వెళ్లిపోయింది. కొమురెల్లి ఆ పది రోజులు సరిగా అన్నం తినలేదని, ఆ పిల్లకు వద్దని చెప్పినందుకో జట్టు ఓడినందుకో తెలియడం లేదని మొగిలి అందరికీ చెప్పాడు. నేను మాత్రం తలుపు వెనక సుఖంగా ఉన్నాను. మంచి బంతి మేకుకు ఉంది, పిల్లల దగ్గర బంతే లేదు. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ ఈ ముసలాళ్లతో పోతే, నా పగా తీరిపోతుంది.

పదకొండో రోజు వచ్చింది. నాకు బొట్టు పెట్టారు. రఫీక్ సంచిలో చచ్చిన బంతి, కొమురెల్లి చేతుల్లో నేను. మైదానంలో అడుగుపెట్టగానే నా కంట ఏం పడిందో చూడండి. అవతలి గోలు దగ్గర పదకొండు మంది ఆడపిల్లలు పరుగెడుతున్నారు. వాళ్ల కాళ్ల మధ్య ఒక నల్లటి ముద్ద. పాత బట్టలు కుక్కి, పైన ట్యూబు పట్టీలు బిగించి చుట్టిన ముద్ద. అది కూడా దొర్లుతోంది. దాని వెంటా పిల్లలు పడుతున్నారు. అందులో గాలి లేదు. గాలి అక్కర్లేని బంతి. ఇన్నాళ్లూ ఒక బంతిని చూసి ఓర్వలేకపోయాను గానీ, దానికి కనీసం నా అవసరం ఉండేది. దీనికి నేనెవరో కూడా తెలియదు. వీళ్లు దీనికే అలవాటు పడితే నా బతుకు చీపురు కంటే కనాకష్టం. జన్మలో మొదటిసారి, ఆ మంచి బంతికి ప్రాణం రావాలని కోరుకున్నాను.

ఈలోగా ముసలాళ్లు ఇవతలి గోలు స్తంభం కింద మోదుగాకు విస్తరి పరిచారు. బగార అన్నం, మాంసం, రఫీక్ తెచ్చిన రెండు అరటిపళ్లు పెట్టి దూరంగా నిలబడ్డారు. మా వైపు ఎవరైనా పోతే ఇలా పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ల మనసు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, బతికున్నవాళ్లు ఒక్కొక్కరే మాటిస్తారు. ఇన్నేళ్లలో మాంసం వాసనకు కాకి ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. ఆ రోజు మాత్రం తీగ మీద అరడజను కాకులు కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు.

గంట గడిచింది. అన్నం చల్లారింది. "ఏదో మనసుల వెట్టుకున్నది" అన్నాడు మొగిలి.

"ఎవరు?" అన్నాడు రఫీక్.

"ఆట."

మొగిలి ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ఇగ టీవీ మీదికి చెప్పు ఇసర. ఒట్టు." కాకి కదల్లేదు. రఫీక్ కోచును తిట్టనని మాటిచ్చాడు. లాభం లేదు. మిగిలినవాళ్లంతా కలిసి ఇక క్రికెట్ జోలికి పోమని మాటిచ్చారు. ఆ మాట కాకులు కూడా నమ్మినట్టు లేవు.

అవి దిగకపోవడానికి కారణం నాకు తెలుసు. పిల్లలు మైదానమంతా కేకలేస్తూ పరుగెడుతుంటే ఏ కాకి దిగుతుంది? కానీ పంపును అడిగేదెవరు?

కొమురెల్లి ఏ మాటా ఇవ్వకుండా అవతలి గోలు వైపే చూస్తున్నాడు. రవళిక ఎడమకాలితో ఆ ముద్దను బలంగా తన్నింది. గాల్లోనే పట్టీలు విడిపోయి బట్టలన్నీ చెల్లాచెదురై పడ్డాయి. ఎవరూ నవ్వలేదు, విసుక్కోలేదు. అది రోజూ జరిగేదే కాబోలు, పదకొండు మందీ మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డలు ఏరి, ఒకరు కుక్కుతుంటే ఒకరు పట్టీ లాగుతూ మళ్లీ చుట్టడం మొదలుపెట్టారు. కొమురెల్లి చెప్పులు విడిచాడు.

"బాల్ పిల్లలకిస్తం" అన్నాడు విస్తరి వైపు తిరిగి. "నేనే నేర్పుత. గెల్సినా, ఓడినా." తర్వాత గొంతెత్తి పిలిచాడు. "రవళికా, అందరు ఇటు రాండ్రి బిడ్డా."

పిల్లలు వచ్చేశారు. మైదానం ఖాళీ అయింది. వెంటనే ఒక కాకి దిగి మాంసం ముక్క ఎత్తుకుపోయింది. మొగిలి కళ్లు తుడుచుకుని, "సూసిండ్రా, ఇదే మనసుల వెట్టుకున్నది" అన్నాడు.

బంతిని నా ముందు పెట్టారు. కొమురెల్లి పిడి నొక్కితే నా గొంతులోంచి ఉత్త కూత వచ్చింది. పదకొండు రోజులు ఎవరూ ముట్టక లోపల నా ముసలి తోలు ఈసారి ఎండిపోయింది. పదకొండు జతల కళ్లు నన్నే చూస్తున్నాయి. అన్నేళ్లు ఎవరైనా చూస్తే బాగుండని ఏడ్చిన నేను, ఆ క్షణాన సిగ్గుతో చచ్చిపోయాను. ఒక పిల్ల తన జడకు రాసుకున్న కొబ్బరినూనెనే వేలితో తీసి నా కడ్డీకి పూసింది. రెండోది, మూడోది కూడా పూశారు. రవళిక పిడి పట్టుకుంది. ముప్పై పోట్లకు బంతి నిండింది. నాకు తెలిసి అంత ప్రేమగా దానికి ఎప్పుడూ గాలి ఇవ్వలేదు. ఇంకెవరికీ చెప్పకండి.

ఆదివారం సాయంత్రం వాళ్లు హన్మకొండ నుంచి తిరిగొచ్చారు. ఆరు గోల్స్. ఆరూ వాళ్లకే పడ్డాయి, వీళ్లు ఒక్కటీ వేయలేదు. రవళిక మోకాలు చెక్కుకుపోయింది, చేతిలో సగం తిన్న మిర్చి బజ్జీ. షాపులో ముసలాళ్లంతా జరిగి ఆమెకు బల్ల మీద చోటిచ్చారు.

"మాకొక కార్నర్ అచ్చింది తాతా" అంది ఆ పిల్ల. "నేనే కొట్టిన. మా సోనీ తలకు తాకింది గనీ పైకెల్లి పోయింది."

మొగిలి అలవాటు ప్రకారం లేచాడు. బంతిని ఒళ్లో పెట్టుకుని, సూదిని నాలుకతో తడిపాడు. పోనీ, మళ్లీ పదకొండు రోజులు నా పండగ అనుకున్నాను. కొమురెల్లి చెయ్యి వచ్చి సూదిని పట్టుకుంది.

"తియ్యకు మొగిలీ" అన్నాడు. "ఓడిపోయిండ్రు, అంతే. సచ్చింది ఎవ్వలు లేరు."

మొగిలి సూదిని జేబులో పెట్టుకున్నాడు. ఓడిన బంతి కడుపులో నా గాలి తెల్లవారేదాకా ఉండిపోవడం అదే మొదటిసారి.

పొద్దున ఆరింటికి రవళిక వచ్చింది. బంతిని రెండు బొటనవేళ్లతో నొక్కి చూసి, "గాలి ఇంక మస్తుగున్నది తాతా" అని చంకన పెట్టుకుని పోయింది. నా వైపు చూడనే లేదు. కొమురెల్లి మోకాలు టిక్కుమనిపించుకుంటూ ఆమె వెనక వెళ్లాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే. తలుపు సందులోంచి మైదానం కనిపిస్తుంది. పదకొండు మంది పిల్లలు నా గాలి వెంట పరుగెడుతుంటే చూస్తూ నిలబడ్డాను.