ట్రాలీ మీద పారూబాయి

బోధన్‌లో కొత్త బండి కొన్నవాళ్లు ముందు గుడికి పోతారు, ఆ తర్వాత ఎర్రన్న దగ్గరికి వస్తారు. ఫ్లెక్సీలు వచ్చి దుకాణాల బోర్డులన్నీ ఊడ్చుకుపోయినా, లారీలు, ట్రాక్టర్లు మాత్రం ఇంకా అతని కుంచెనే నమ్ముకున్నాయి. అతను వేసిన నెమలి బండి తుప్పు పట్టేదాకా బండి వెంటే తిరుగుతుంది.

ఆ ఏడు చెరకు నరుకుడు మొదలయ్యే ముందర, రెంజల్ రైతు రాజమల్లు తన ట్రాలీని తెచ్చి ఎర్రన్న షెడ్డు ముందు విడిచిపోయాడు. వెనక రేకు మీద లింబాద్రి నరసింహస్వామి, రెండు పక్కలా పూలతీగలు. చెప్పిన పని అంతే.

స్వామి బొమ్మ పూర్తయి, పక్క రేకుకు రంగు వేస్తుండగా ఒకామె వచ్చి నిలబడింది. నడివయసు మనిషి, తొమ్మిది గజాల చీర, చేతిలో సంత సంచి. నాందేడ్ దిక్కు నుంచి ఏటా చెరకు కొట్టడానికి వచ్చే జట్టులోని అంజనాబాయి. పదేళ్లుగా వస్తుండడం వల్ల తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"దాదా, గీ బండి రాజమల్లు సేటుది గదా?"

"అవు బాయి. ఎందుకు?"

ఆమె వెనక్కి నడిచి ట్రాలీ ఎడమ మూలను చేత్తో ముట్టుకుంది. "మా చెల్లె పారు గీడ్నే కూసుండె. పోయినేడు."

ఎర్రన్నకు గుర్తొచ్చింది. పేపర్లో నాలుగు లైన్లు చదివాడు. ఒక పొలం నుంచి ఇంకో ఊరి పొలానికి ఇరవై మందిని, వాళ్ల గిన్నెలూ మూటలతో సహా ట్రాలీలో తీసుకుపోతుంటే, కాలువ వంతెన దగ్గర చక్రం గుంతలో పడింది. అంచు మీద కూర్చున్న ఆడమనిషి వెనక్కి పడిపోయింది. నిజామాబాద్ ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పేపర్లో 'కూలీ మృతి' అని ఉంది. పేరు లేదు.

అంజనాబాయి రవికెలోంచి చిన్న సంచి తీసి, అందులోంచి చెల్లె ఆధార్ కార్డు బయటికి తీసింది. "ఈ మూలకు దాని బొమ్మ ఎయ్యి దాదా. ఊకెనే ఒద్దు, పైసలిస్త."

"బండి నాది గాదు బాయి. ఆయన చెప్పంది నేనెట్ల ఎయ్యాలె?"

ఆమె బతిమాలలేదు. తల ఊపి, కార్డు లోపల పెట్టుకుని, ట్రాలీ నీడలో కూర్చుంది. ఎర్రన్న కాసేపు పువ్వులు వేశాడు. ముప్పై ఏళ్లుగా బండ్ల వెనక 'హారన్ కొట్టు' అని రాశాడు, 'అమ్మ దీవెన' అని రాశాడు. బండిలో కూర్చునేవాళ్ల తరఫున ఒక్క ముక్క ఎన్నడూ రాయలేదన్న సంగతి అప్పుడే తట్టింది. కుంచె పక్కన పెట్టి, రెండు చాయ్‌లు తెప్పించాడు.

"ఏదీ, ఆ కార్డు ఇటియ్యి."

సుద్దముక్కతో రేకు మీద ముఖం గీశాడు. అంజనాబాయి చూసి తల అడ్డంగా ఊపింది.

"గిది పారు గాదు. ఫోటో దిగేటప్పుడు భయపడ్డది. దాని మొకం గిట్లుండదు."

"మరెట్లుంటది?"

"నవ్వితె కొంగు నోట్లె పెట్టుకుంటది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు సుక్కలు. ముక్కు జర లావు. గా ముక్కు మాట నేనంటె కోపమొచ్చేది దానికి."

ఎర్రన్న చెరిపి మళ్లీ గీశాడు. కనుబొమ్మలు కిందికి దించమంది. ఇంకోసారి చెరిపాడు. నాలుగోసారి గీసినప్పుడు ఆమె చేత్తో నోరు మూసుకుని అటు తిరిగి నిలబడింది. ఎర్రన్న ఆమె వైపు చూడకుండా ఎనామిల్ డబ్బా మూత తీశాడు. పైసల మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాజమల్లు వచ్చాడు. స్వామికి దండం పెట్టుకుని, పక్కకు తిరిగి, ఆగిపోయాడు. మూలన, ఆకుపచ్చ చీరలో, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతోంది పారూబాయి.

"ఇదేందన్నా?"

"తెలుస్తలేదా?"

"తెలుస్తున్నది." రాజమల్లు బొమ్మ మీంచి చూపు తిప్పుకున్నాడు. "సచ్చిపోయినామె బొమ్మ ఏసుకొని తిరగాల్నా నేను? తుడువు."

"కిరసనాయిలు గుడ్డ గక్కడున్నది. నాకు చెయ్యాడదు, నువ్వే తుడువు."

రాజమల్లు గుడ్డ తీసుకున్నాడు. ముఖం దాకా చెయ్యి పోయింది. గుడ్డ కింద పడేసి, ట్రాలీ ముందు నొగ మీద కూర్చున్నాడు. పారు పడ్డ రోజు ట్రాక్టర్ నడిపింది అతనే.

"పొద్దుగాల నాకో రొట్టె తునక ఇస్తుండె అన్నా, మిరపకాయ తొక్కు పెట్టి. మూడేండ్లు తిన్న. పేరేందని ఒక్కనాడు అడగలే."

ఎర్రన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పేరు రాయి," అన్నాడు రాజమల్లు లేచి నిలబడి.

ఎర్రన్న తెల్లరంగుతో రాశాడు: 'పారూబాయి. ఈ మూలన కూర్చునేది. ఈ బండి చెరకుకు, మనుషులకు కాదు.'

"గట్ల రాస్తె మరి కూలోళ్లను దేంట్ల తీస్కపోవాలె?"

"అది నువ్వు ఆలోచించు."

చెరకు బండ్లు ఫ్యాక్టరీ తూకం కాంటా దగ్గర వరుస కట్టి గంటలకొద్దీ ఆగుతాయి. అక్కడ డ్రైవర్లంతా బొమ్మ చుట్టూ చేరి ఎవరీమె అని అడిగేవారు. మొదట్లో రాజమల్లు 'జారి పడ్డది' అనేవాడు. అడిగినవాళ్లకల్లా చెప్పగా చెప్పగా ఆ మాట మారింది. 'అంచు మీద కూసోపెట్టి తోలిన' అనడం మొదలుపెట్టాడు. మొదటిసారి అట్లా అన్న రోజు నవీపేట్ డ్రైవరు నర్సన్న తన ట్రాలీని నేరుగా ఎర్రన్న షెడ్డుకు తోలుకొచ్చాడు. అతని బండి మీంచి పడిన మనిషి బతికింది, చెయ్యి మాత్రం వంగదు. ఆమెనే తీసుకొచ్చి కూర్చోబెట్టి బొమ్మ వేయించాడు. శివరాత్రి నాటికి ఏడు ట్రాలీల మీద ఏడుగురు మనుషులయ్యారు. ఒక రైతు మాత్రం అపశకునమని గీకించేశాడు. ఎర్రన్న అతనితో వాదం పెట్టుకోలేదు.

పక్క మండలంలో ఒక బడి బస్సు పొద్దున ఎనిమిదింటిదాకా ఖాళీగా ఉంటుందని కనిపెట్టింది రాజమల్లే. నలుగురు రైతులను కూడగట్టుకుని పోయి మాట్లాడి వచ్చాడు. గిన్నెలు, మూటలు ట్రాలీలో, మనుషులు బస్సులో. అన్ని జట్లకూ అది చాలలేదు. అంజనాబాయి జట్టుకు మాత్రం దొరికింది.

మొదటిరోజు ఎర్రన్న కూడా పోయాడు. తెల్లవారుతుండగా ఆడవాళ్లు బస్సెక్కి, పిల్లల సీట్లలో ఇరుక్కుని కూర్చుని, ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. అంజనాబాయి కిటికీ పక్కన కూర్చుని ముందు సీటు కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ట్రాలీలో పట్టుకునే అలవాటు అది. కాలువ వంతెన వచ్చినప్పుడు బస్సు నెమ్మదించింది. ఆమె కళ్లు మూసుకుంది. వంతెన దాటాక కూడా తెరవలేదు. కాసేపటికి కడ్డీ మీంచి చేతులు జారి ఒళ్లో పడ్డాయి. నిద్రపట్టి తల కిటికీకి ఆనింది.

పొలం వచ్చింది. మిగతా ఆడవాళ్లంతా దిగారు. వెనక సీట్లోంచి ఎర్రన్న ఆమెను లేపబోతుంటే, డ్రైవరు ఇంజన్ ఆపేసి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"బడి టైముకు ఇంకా శానా ఉన్నది. జరంత సేపు పండనియ్యి."