శోభకు కుర్చీ రాలేదు

ఎమ్మిగనూరులో తెల్లారేది మగ్గాల చప్పుడుతోనే. ఆ చప్పుడులోనే శోభ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, అమ్మ పెట్టిన ఉగ్గాని ముందు కూచుంది. తినకుండా పళ్ళెంలో బొరుగులు ఏరుతూ ఉంది. ఆ పొద్దు ఆదోని యూనివర్సిటీలో కొత్తగా చేరిన లెక్చరర్ల పరిచయ సభ.

"తిను పాపా. ఉద్యోగమొచ్చినాక గూడా ఏం దిగులు నీకు?" అంటూ ఉరుకుందమ్మ కూతురి పళ్ళెంలో ఇంకో మిరపకాయ బజ్జీ వేసింది.

"కుర్చీలు రావాలి గదమ్మా."

ఆ పక్క ఊళ్ళలో అది మామూలే. కొత్తగా వచ్చిన మేష్టర్లను సభలో పరిచయం చేస్తాంటే, వాళ్ళు అంతకుముందు పనిచేసిన చోట్ల కూచున్న కుర్చీలు తమంతట తామే నడుచుకుంటూ వచ్చి వెనక నిలబడతాయి. కాగితం మీద ఎవరైనా ఎన్నైనా రాసుకోవచ్చు. కుర్చీ రాకపోతే ఆ అనుభవం లెక్కలోకి రాదు, అనుభవం లేకపోతే ఉద్యోగం నిలవదు. దూరపు కుర్చీలు నాలుగు రోజుల ముందే బయల్దేరతాయి. బస్సుల్లో కండక్టర్లు వాటిని టికెట్ అడగరు, సీటూ ఇయ్యరు.

శోభ కౌతాళంలో, నందవరంలో, మద్దికెరలో ప్రైవేటు కాలేజీల్లో ఎకనామిక్స్ చెప్పింది. అన్ని చోట్లా గెస్టు లెక్చరరే. పేరుకు గెస్టు గానీ, ఇంటికొచ్చిన చుట్టానికి వేసే కుర్చీ గూడా ఆమెకెవరూ వెయ్యలేదు. స్టాఫ్ రూములో కుర్చీ ఖాళీగా కనిపించినా "ఆ సార్ వస్తాడు మేడం" అనేవాళ్ళు. కిటికీ దగ్గర నిలబడి టిఫిను తినేది, నిలబడే పేపర్లు దిద్దేది. ఇప్పుడు ఏ కుర్చీ వస్తుంది ఆమె కోసం?

"వాసిన నీ కాళ్ళు సూపిస్తే సాలదా వాళ్ళకి?" అంది ఉరుకుందమ్మ కోపంగా. "నేనూ వస్తా పా."

ఆదోనిలో బస్సు దిగేసరికి కుర్చీలు రోడ్డు దాటుతున్నాయి. ట్రాఫిక్ పోలీసు ఆటోలను ఆపి, "కానియ్, కానియ్" అని వాటిని తోలుతున్నాడు.

సభలో మొదటి వంతు గురుప్రసాద్‌ది. ఢిల్లీ, పూణే, మైసూరు అని చదువుతాంటే ఒక్కో కుర్చీ వచ్చి నిలబడింది. ఒకటి గిర్రున తిరిగేది, ఒకటి మెత్తటి తోలుది. మూడోది దారిలో చక్రం ఊడి కుంటుకుంటూ వచ్చింది. జనం చప్పట్లు కొట్టినారు. గురుప్రసాద్ మంచివాడు, ఎదురుపోయి ఆ కుంటిదాన్ని చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నాడు.

తర్వాత శోభను పిలిచినారు. రిజిస్ట్రారు శేషన్న మైకులో "కౌతాళం" అని చదివినాడు. అందరూ తలుపు దిక్కు చూసినారు. ఏమీ రాలేదు. "నందవరం." ఒక కుక్క తొంగిచూసి పోయింది. "మద్దికెర." అదీ అంతే. శోభ తలుపు దిక్కే చూస్తా నిలబడింది. ఇన్నేండ్లు చెప్పిన చదువంతా ఏమైపోయినట్టు?

శేషన్న మైకు పక్కకు జరిపి, "ఏమమ్మా, ఒక్కటి గూడా రాలేదే! నీ పోస్టు నేను ఆపాల్సొస్తాది," అన్నాడు. చెడ్డవాడు కాదు. రూలు దాటి ఒక్కడుగు వెయ్యలేడు, అంతే.

"నా బిడ్డను యాడ కూచోనిచ్చినారప్పా, కుర్చీ వచ్చేకి!" వెనక నుంచి ఉరుకుందమ్మ అరిచింది.

అంతలో బయట దడదడమని చప్పుడు. "యప్పా, ఎన్నున్నాయో! జరగండి, జరగండి!" అని గేటు దగ్గర వాచ్‌మన్ కేకలు.

వచ్చినవి బెంచీలు. కౌతాళం బెంచీలు వరిమళ్ళకు అడ్డంపడి వచ్చినట్టున్నాయి, కాళ్ళనిండా బురద. నందవరంవి ఆటోల్లో దిగినాయి. మద్దికెరవి ఎండకు సొలిసిపోయినాయి. కాలు విరిగిన బెంచీ ఒకటి కింద పెట్టుకునే ఇటుకను గూడా మోసుకొచ్చింది. శోభ అన్నిటినీ గుర్తుపట్టింది. ఈరేష్ కునికిపాట్లు పడింది దీని మీదే. మేరి ప్రశ్నలడిగి ప్రాణం తోడింది దాని మీద నుంచే. అవి వరసలు కట్టి, శోభకు ఎదురుగా తిరిగి నిలబడినాయి. హాల్లో జనం లేచినారు, కుర్చీలన్నీ గోడలకు ఒదిగి చోటిచ్చినాయి.

"రూల్లో కుర్చీ అనుంది. బెంచీ అని లేదే," అని శేషన్న తల గోక్కున్నాడు. కూచొని ఆలోచిద్దామంటే ఆయన కుర్చీ గూడా గోడకు పోయింది. ముందు బెంచీలో కూలబడినాడు. గురుప్రసాద్ వచ్చి ఆయన పక్కన ఇరుక్కున్నాడు. చూస్తాండగానే బెంచీలన్నీ నిండిపోయినాయి.

ఎదురుగా అన్ని ముఖాలు కనపడేసరికి శోభ భయం యాడికి పోయిందో! చెయ్యి చాక్‌పీసు కోసం తడుముకుంది. "వెనక మాటలొద్దు," అనేసింది. ఉరుకుందమ్మ గబుక్కున నోరు మూసుకుంది.

శేషన్న చెయ్యెత్తినాడు.

"మేడం, ఒక డౌటు. మా నాయన కాలం నుంచి చూస్తాండా. పత్తి బాగా పండిన ఏడే మార్కెట్ యార్డులో రేటు పడిపోతాది. ఎందుకట్ల?"

"ఆ ఏడు మీ ఒక్క చేనే పండిందా సార్?"

"లేదు మేడం, అందరిదీ."

"అందరూ ఒకేసారి తెచ్చి దించితే కొనేవాడు ఏం చేస్తాడు?"

"బెట్టు చేస్తాడు!" ఉరుకుందమ్మ ఉండబట్టలేక అరిచింది. "మేం నేసే సీరలకూ అంతేనప్పా!"

హాలంతా నవ్వింది. ఆ పాఠం భోజనాల దాకా సాగింది. ఉపన్యాసాలియ్యాల్సిన పెద్దలు తమ కాగితాలు జేబుల్లోనే మరిచిపోయినారు.

లేచేటప్పుడు శేషన్న, "మిగతాది ఎప్పుడు చెప్తారు మేడం?" అన్నాడు.

"అది మీరు చెప్పాల సార్. నా పోస్టు మీ చేతిలో ఉంది."

శేషన్న బెంచీల దిక్కు ఒకసారి చూసినాడు. "సోమవారం పదింటికి పెట్టుకోండి. నేనూ వస్తా."

"లేటుగా వస్తే లోపలికి రానియ్యను," అంది శోభ.