నల్లబల్ల మీద బిగించిన తెర

నేను ఒక పెద్ద తెరను. తరగతి గోడకు బిగిస్తే, వేలితో తాకగానే పలికే రకం. ఇళ్లలో ఉండే టీవీకి దూరపు చుట్టాన్నే కానీ దానికున్న సుఖం నాకు లేదు. ఈ రోజు ఎంతసేపు వెలిగావని టీవీని ఎవరూ అడగరు. నా లోపల మాత్రం ఫోను సిమ్ము వేసిన ఒక చిన్న యంత్రాన్ని కూర్చోబెట్టారు. నేను వెలిగిన ప్రతి నిమిషాన్నీ అది లెక్కగట్టి జిల్లా ఆఫీసుకు పంపుతూ ఉంటుంది. నా ముందు ఎవరున్నారో, వాళ్లకు ఏం అర్థమైందో దానికి పట్టదు. వెలిగానా లేదా, అంతే. ఏ బడి కొత్త చదువులో ఎంత ముందుకు పోయిందో ఆ లెక్కతోనే తేలుస్తారు. అందుకే పుట్టినప్పటి నుంచీ నాకు స్థిమితం లేదు.

నగరం అంచున ఒక రేకుల షెడ్డులో నన్ను తయారు చేశారు. గాజు ఒక దేశం నుంచి, లోపలి సరుకు ఇంకో దేశం నుంచి వచ్చాయట. స్క్రూలు మాత్రం పక్క వీధివే. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి నా నాలుగు మూలలూ వేలితో నొక్కి చూసి, "బాగానే ఉంది, పంపెయ్" అంది. నా గురించి మనుషులు ఇచ్చిన మొదటి తీర్పు అది. ఆ తర్వాత వచ్చిన తీర్పులేవీ అంత సూటిగా లేవు.

అట్టపెట్టెలో, లారీలో, గుంతల రోడ్ల మీద ఊగుతూ నారాయణపేట వైపు జక్కలంపల్లి ఉన్నత పాఠశాలకు చేరాను. బిగించడానికి వచ్చినవాళ్లు ఎనిమిదో తరగతి గదిలో నల్లబల్లకు సరిగ్గా మధ్యలో రంధ్రాలు వేసి నన్ను ఎక్కించారు. అటు మూరెడు, ఇటు మూరెడు నలుపు మిగిలింది. ఆ గదిలో లెక్కలు చెప్పే నసీమా బేగం సుద్దముక్క చేతిలో పట్టుకుని అదంతా చూస్తూ నిలబడింది.

"బల్ల మీద ఎందుకు? పక్క గోడ ఖాళీగ ఉన్నది కద," అని అడిగింది.

"మాకు బల్ల మీదనే అని చెప్పిండ్రు మేడం," అన్నాడు పనివాడు.

ఆమె మిగిలిన మూరెడు నలుపులోనే అక్షరాలు ఇరికించి రాయడం అలవాటు చేసుకుంది. రోజూ పేట నుంచి మొదటి బస్సుకు వచ్చేది. గొంతు పెంచేది కాదు. ఒక లెక్క పిల్లలకు అందకపోతే మూడో రకంగా, నాలుగో రకంగా చెప్పేది. తప్పు చేసిన పిల్లను కూర్చోమనకుండా, "యాడిదాక కరెక్టు వచ్చినవో గా జాగ చూపెట్టు," అనేది. శివలీల అనే పిల్ల ఎప్పుడూ కిటికీ పక్కన, ఎవరి కంటా పడకుండా కూర్చునేది. భిన్నాలంటే ఆ పిల్లకు వణుకు. మేడం అట్లా అడిగినప్పుడు మాత్రం లేచి, నోటుపుస్తకం తీసుకుని నెమ్మదిగా దగ్గరికి వచ్చేది.

హెడ్మాస్టరు బస్వరాజు గారు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ఇన్నేళ్ల సర్వీసులో పైనుంచి ఒక్క మాట పడలేదని ఆయనకు లోలోపల గర్వం. నన్ను చూసి ఆయన సంతోషించలేదు, భయపడ్డారు. పిల్లల బంతి తగులుతుందేమో, పిడుగు పడుతుందేమో అని నాకు పూల తెరగుడ్డ కుట్టించి కప్పి, స్విచ్చు దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. కొన్ని నెలలు ఆ గుడ్డ వెనక చీకట్లో ఉన్నాను. పాఠాలు వినపడేవి, మనుషులు కనపడేవారు కాదు.

తర్వాత జిల్లా ఆఫీసులో సమావేశం జరిగింది. అక్కడ గోడ మీద బడుల పేర్లు వరుసగా వేసి, వెలిగినవాటికి ఆకుపచ్చ, వెలగనివాటికి ఎరుపు పూశారట. మా బడి ఎర్రగా అట్టడుగున ఉంది. నలుగురిలో ఆయనను నిలబెట్టి అడిగారట. మర్నాడు ఆయన ముఖం చూస్తే జ్వరపడి లేచినట్టుంది. గదిలోకి వచ్చి తెరగుడ్డను తానే లాగేసి నసీమాతో అన్నారు.

"ఇగ పొద్దుగాల ప్రార్థన కంటె ముందే దీన్ని ఆన్ చేయాలె మేడం. అందరు ఇంటికి పోయినంకనే బందు చేయాలె."

"ఏం చూపెట్టాలె సార్?"

"ఏదన్న నడవనీ. చూసెటోళ్లు ఎవరున్నరు?"

నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. పొద్దున ఎవరో ఒకరు వచ్చి జీవశాస్త్రం పాఠం పెట్టి పోయేవారు. తెర నిండా ఒక గుండె. అది కొట్టుకుంటూనే ఉండేది. పాఠం అయిపోగానే దానంతట అదే మళ్లీ మొదలయ్యేది. తెలుగు పాఠం నడుస్తున్నా గుండె, హిందీ పాఠం నడుస్తున్నా గుండె. పిల్లలు ఆటలకు పోయిన ఖాళీ గదిలోనూ బెంచీల కోసం గుండె. ముందు వరస పిల్లలు కళ్లు నులుముకునేవారు. నసీమా నా శబ్దం తగ్గించి, నా వెలుగులో కళ్లు చికిలిస్తూ ఆ మూరెడు నలుపులో లెక్కలు రాసేది. నేను ఒళ్లంతా వేడెక్కి, చెప్పడానికి ఏమీ లేకుండా మాట్లాడుతూనే ఉండేవాణ్ని. అలసట కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాకూ ఒక మంచి రోజు వచ్చింది. భిన్నాలు చెబుతూ బల్ల మీద చోటు చాలక నసీమా విసిగిపోయింది. గుండెను ఆపేసి, నా మీద వేలితో గుండ్రంగా ఒక జొన్నరొట్టె గీసింది. "ఇంట్ల నలుగురున్నరు. ఎట్ల పంచుతరో మీరే వచ్చి కోయుండ్రి," అంది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. నా గాజు మీద ఎన్ని చేతులో. చెమట, సుద్దపొడి, ఎవరో తిన్న చింతపండు జిగురు. అందరి తర్వాత శివలీల వచ్చి, రొట్టెను కోసి, ఒక ముక్కను మళ్లీ సగం చేసి, "ఇది చెల్లెకు. చిన్నది కద, సగం చాలు," అంది. నసీమా నవ్వి, "గా సగాన్ని ఏమంటరు?" అని అడిగింది. పిల్ల ఆలోచించి, "ఎనిమిదిల ఒకటి," అంది. ఆ మాట ఆ పిల్ల నోట వచ్చిన క్షణాన నేను పుట్టినందుకు సంబరపడ్డాను. ఆ సంబరం జిల్లా ఆఫీసుకు చేరలేదు. అక్కడికి పోయే లెక్కలో ఆ పాఠం ఒకటే, గుండె కొట్టుకోవడం ఒకటే.

మూడు నెలలు తిరిగేసరికి మా బడి పచ్చగా మారి జిల్లాలో పైకెక్కింది. బస్వరాజు గారికి శాలువా కప్పారు. ఆ శాలువా మడత నలగకముందే ఉత్తర్వు వచ్చింది. జక్కలంపల్లిలో తెర మీద పాఠాలు బ్రహ్మాండంగా సాగుతున్నాయి కాబట్టి లెక్కల టీచరును ఎర్రగుంట బడికి పంపుతున్నారు. అక్కడ చాలాకాలంగా లెక్కలు చెప్పేవాళ్లు లేరు, తెర కూడా లేదు. ఇక్కడి పిల్లలకు తెర చాలట.

హెడ్మాస్టరు ఆ కాగితంతో తరగతి గదిలోకి వచ్చారు. పిల్లలు అన్నాలకు పోయి ఉన్నారు.

"నేను గిట్లయితదని అనుకోలే మేడం," అన్నారు.

"మనం చూపెట్టిన లెక్కనే కద సార్ వాళ్లు నమ్మింది," అంది నసీమా. ఆ గొంతులో కోపం లేదు. "ఆడున్న పిల్లలకు ఎవ్వరు లేరంట. పోను అని ఎట్లంట? ఈడి పిల్లలను ఇడిచిపెట్టి ఎట్ల పోత?" అని సుద్దముక్కను బల్ల అంచున పెట్టింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి లెక్కల గంటలో నేనొక్కణ్నే. ఎవరో కనపడని పెద్దమనిషి గొంతు పుస్తకాల భాషలో సమీకరణాలు చెప్పుకుపోయేది. పిల్లలు మొదట బుద్ధిగా విన్నారు, తర్వాత గుసగుసలు, తర్వాత నిద్ర. ఒకరోజు శివలీల లేచి నిలబడి చెయ్యెత్తింది. గొంతు ఆగలేదు. ఆ పిల్ల నా దగ్గరికి నాలుగడుగులు వేసి, మర్యాదగా చేతులు కట్టుకుని అడిగింది.

"సార్, ఒక్కపారి మల్ల చెప్పుండ్రి సార్. నాకు సమజ్ కాలే."

ఎవరూ నవ్వలేదు. గొంతు తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయింది. పిల్ల అట్లాగే నిలబడి ఉంది. ఆగుదామని నాలో ఉన్న ప్రతి తీగా కొట్టుకుంది, కానీ ఆగడం నా చేతిలో పని కాదు. గుమ్మం దగ్గర బస్వరాజు గారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు. లోపలికి వచ్చి స్విచ్చు ఆపేశారు. గదిలో ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు వినిపించింది.

"కూసో బిడ్డా. ఏది సమజ్ కాలే, నాకు చూపెట్టు," అన్నారు.

ఆయన సాంఘికశాస్త్రం మాస్టరు. సుద్ద తీసుకుని మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కున్నారు. చెరిపారు, మళ్లీ ఇరుక్కున్నారు. చివరికి పిల్లలూ ఆయనా కలిసి ఎట్లాగో గట్టెక్కారు. అప్పటి నుంచి నిజంగా అవసరమైతే తప్ప నన్ను వెలిగించలేదు. మా బడి పచ్చ రంగు వాడిపోయింది. ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆయన భయపడినదే వచ్చింది, మెమో. ఆ పూట ఆయన అన్నం డబ్బా మూత తియ్యలేదు.

కొన్నాళ్లకు జిల్లా ఆఫీసు నుంచి మాణిక్‌ప్రభు అనే కుర్ర అధికారి వచ్చాడు. "తెర పాడైందా సార్?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది. మీరే ఆన్ చేసి, వెనక బెంచి మీద కూసోండ్రి," అన్నారు హెడ్మాస్టరు.

అధికారి గంటసేపు పిల్లల మధ్య కూర్చుని ఆ గొంతు విన్నాడు. మధ్యలో ఆవులించాడు కూడా. అయిపోయాక, ఏం అర్థమైందని పిల్లలను అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. శివలీల మాత్రం, "మీకు అర్థమైందా సార్?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అతను లేచి వచ్చి నా స్విచ్చు ఆపేశాడు.

"మా దగ్గర ఎన్ని గంటలు నడిచిందో కనపడ్తది సార్, అంతే," అన్నాడు చివరికి, బయట వరండాలో. "మేడాన్ని వెనక్కి తేలేను. ఎర్రగుంట పిల్లలను ఏం చేయమంటరు?"

"వెనక్కి తెమ్మంటలే. ఆమెను ఈ తెరల కనపడేటట్టు చేయుండ్రి. మా పిల్లలు అడిగితే ఆమెకు వినపడాలె, ఆమె చెప్తే వీళ్లకు వినపడాలె. గంతే అడుగుతున్న."

మెమో రద్దు కాలేదు. కానీ మాణిక్‌ప్రభు ఆ మాట మర్చిపోలేదు. ఎర్రగుంటకు ఒక చిన్న తెర, రెండు బడులకూ కెమెరా, మైకు, నెట్టు కనెక్షను వచ్చాయి. మొదటిరోజు నసీమా ముఖం నాలో ముక్కలు ముక్కలుగా కనపడింది. గొంతు వస్తే బొమ్మ రాలేదు, బొమ్మ వస్తే గొంతు రాలేదు. వాన పడితే రెండూ పోయేవి. అయినా పొద్దున ఒక గంట, రెండు ఊళ్ల పిల్లలు ఒకే పాఠంలో కూర్చునేవారు. ఇక్కడి నుంచి "మేడం, మల్ల చెప్పుండ్రి" అంటే, అక్కడ ఆమె ఆగేది. ఆమె ఆగితే నేనూ ఆగినట్టే.

పరీక్షలయ్యాక నసీమా ఎర్రగుంట పిల్లలను రెండు ఆటోల్లో మా బడికి తీసుకొచ్చింది. గుమ్మం దగ్గర అందరూ సిగ్గుపడి ఆగిపోయారు. అన్నాళ్లూ తెరల మీద ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నవాళ్లే. "నువ్వింత పొడుగున్నవా?" అని ఎవరో శివలీలను అడిగారు. అంతే, ఇక గది నిండా మాటలు. ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి చేతులు మారింది. బస్వరాజు గారు ఒక మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఆ రోజు నన్ను వెలిగించాలని ఎవరికీ తోచలేదు. ఎర్రగుంట పిల్లవాడొకడు భుజాన సంచి బరువై ఇటూ అటూ చూసి, దాన్ని నా మూలకు తగిలించి, నా వైపు వీపు పెట్టి, కబుర్లలో పడిపోయాడు.